డాక్టరమ్మ బల్ల మీది పసుపు గొట్టం

ఊపిరితిత్తుల డాక్టరమ్మ పోయారని మంగళవారం పొద్దున మా ఊరి ఆశా కార్యకర్త వచ్చి చెప్పింది. నేను అప్పుడు బర్రెకు నీళ్లు పెడుతున్నాను. బకెట్ కింద పెట్టి "అవునా" అన్నాను. గుండె ఆగిందట. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న.

భద్రాచలం అడవి అంచు ఊళ్ల నుంచి ఆయాసంతో ఖమ్మం పోయినవాళ్లలో చాలామందికి ఆమె తెలుసు. నాకు రాయడం అలవాటు లేదు, ఐదో తరగతితో బడి మానేశాను. అయినా ఒక్క సంగతి చెప్పకపోతే తప్పవుతుంది.

మూడేళ్ల కింద నన్ను కట్లపాము కరిచింది. విషం దిగేదాకా గొంతులో గొట్టం వేసి మిషనుతో ఊపిరాడించారు. బతికాను. కానీ రెండు నెలలు తిరిగేసరికి ఆ గొట్టం ఒరుసుకున్న చోట లోపల మూసుకుపోసాగింది. నాలుగడుగులు వేస్తే గొంతులో ఈల. పడుకుంటే ఈల. మా ఆవిడ దాన్ని వింటూ కూర్చునేది. ఆగినట్టు అనిపిస్తే నన్ను తట్టేది.

డాక్టరమ్మకు ఒక అలవాటు ఉండేది. చూడడం అయ్యాక పెన్నుకు మూత పెట్టి, కిటికీ వైపు తిరిగి, "ఇంకేమన్న మిగిలిందా తాతా?" అని అడిగేవారు. బయట ఎంత వరుస ఉన్నా ఆగేవారు. నా ముఖంలోకి చూసేవారు కాదు. చూస్తే నా మాట లోపలికే పోతుందని ఆమెకు తెలుసేమో.

స్కానింగ్ తీయించి, దాన్ని బట్టి ఒక కాలేజీలో త్రీడీ ప్రింటింగ్ మిషను మీద నా గాలిగొట్టాన్ని ప్లాస్టిక్‌తో అచ్చంగా చేయించారు. జానెడు కూడా లేదు. తెల్లగా, కింద పిట్టలు కొట్టే గులేరు కర్రలాగా రెండుగా చీలి ఉంది. కిటికీకి ఎత్తి లోపలికి చూడమన్నారు. అవతలి వెలుతురు ఆవగింజంత కనబడింది.

"గింత సందుల నుంచే గాలి పీలుస్తున్నవ్ తాతా" అన్నారు.

ఆ ఇరుకులో స్టెంటని ఒక మెత్తటి గొట్టం పెట్టాలట. లావుదైతే లోపల పుండవుతుంది, మరీ సన్నదైతే జారిపోతుంది. అందుకని ముందు ఈ ప్లాస్టిక్ దాంట్లో పెట్టి చూసి, కొలతకు కత్తిరిస్తారట. మా ఆవిడ ఆపరేషన్ వద్దని మొండికేసి కూర్చుంది. ఆమెకు చూపించి ఒప్పించమని దాన్ని నా చేతికిచ్చి పంపారు. ఆపరేషన్ నాడు వెనక్కి తెమ్మన్నారు.

దవాఖానా నుంచి వచ్చింది ఏదైనా మా ఇంట్లో పసుపు కలిపిన వేడినీళ్లు తగలకుండా గడప దాటదు. పైగా ఇదే నా గొంతులో పెడతారనుకుంది మా ఆవిడ. మరిగే పసుపునీళ్ల కాగులో వేసింది. తీసేసరికి మెత్తబడి వంగింది. వేళ్లతో సాపు చేసి, ఇరుకు చోట కందిపుల్ల దూర్చి కాస్త వెడల్పు చేసింది. చల్లారాక అది మళ్లీ గట్టిపడింది. పైకి తేడా ఏమీ కనబడలేదు, రంగు తప్ప.

"గిప్పుడు మంచిగ పోతది గాలి" అని ఆమె సంతోషపడింది. ఆపరేషన్‌కు కూడా ఒప్పుకుంది. నేనేమీ అనలేదు.

ఆపరేషన్ నాడు పసుపు రంగు చూసి, అవ్వ పూజ చేసిందా అని డాక్టరమ్మ నవ్వారు. తలూపాను. బల్ల మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. పక్కనే ఆమె ఒక్కో స్టెంటూ అందులో దూర్చి చూస్తున్నారు. సన్నవి పక్కన పెట్టి లావుది తీసుకున్నారు. నాకు కందిపుల్ల గుర్తొచ్చింది. చెబితే మా ఆవిడను ఏమంటారో. అసలు ఆపరేషనే మానేస్తారేమో. నోరు విప్పకపోవడమే మర్యాద అని బతికినవాణ్ని. నర్సు మత్తు సూది ఎక్కిస్తోంది. డాక్టరమ్మ కత్తెర తెరిచారు. తెరిచి, అలవాటుగా, నా వైపు చూడకుండానే అడిగారు.

"ఇంకేమన్న మిగిలిందా తాతా?"

"ఆ కొలత నాది కాదమ్మా" అన్నాను. ఈలలో మాట సరిగా రాలేదు. "గొట్టం మీరిచ్చిందే. ఉడికింది. పుల్ల వెట్టి పెద్దగ జేసినం."

కత్తెర మూసిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నర్సు ఏదో అనబోతే చేయి అడ్డం పెట్టారు. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశారు.

"తప్పు నాది. వేడి తగలొద్దని నేనే చెప్పలే" అన్నారు.

ఇంకోటి చేయడానికి ఒక రోజు పట్టింది. ఆ రోజంతా ఆక్సిజన్ పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ పక్కనే ఉంది, అన్నం ముట్టలేదు. ఒక్కసారే "నా చేతులార" అని, ఆగిపోయింది. మర్నాడు కొత్తదాని మీద కొలిచి సన్నటి స్టెంటు పెట్టారు. మత్తు దిగాక ఏదో తక్కువైనట్టు అనిపించింది. కాసేపటికి తెలిసింది, ఈల లేదు.

ఆ తర్వాత ఎప్పుడు పోయినా "ఏమవ్వా, ఇంకేమన్న ఉడకవెట్టినవా?" అని అడిగేవారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పసుపు గొట్టాన్ని మాత్రం డాక్టరమ్మ తన బల్ల మీదే ఉంచుకున్నారు. కొత్తగా వచ్చే డాక్టర్లకు చూపించి, రోగి చెప్పేదాకా ఆగమనేవారట.

బుధవారం ఖమ్మం పోయాను. ఆమె గది తెరిచే ఉంది, ఎవరూ లేరు. పెన్నుకు మూత పెట్టి ఉంది. గొట్టం అక్కడే ఉంది. ఇన్నేళ్లలో దండం పెట్టాను గానీ, బతికించినవ్ బిడ్డా అని నోటితో ఒక్కనాడూ అనలేదు. అప్పుడు అన్నాను.

గొట్టాన్ని కిటికీకి ఎత్తి చూశాను. కందిపుల్ల చేసిన సందులో, శనగగింజంత వెలుతురు. అందులో ఆమె కుర్చీ, కిటికీ వైపే తిరిగి ఉంది.