ఎవరూ తొక్కని క్లచ్

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. ఈ అనుభవం తరువాత కూడా నమ్మడం లేదు. యంత్రాలను పరీక్షించి, అవి ఎందుకు చెడిపోయాయో రాసి సంతకం చేయడం నా వృత్తి. కారణం లేని లోపం ఉండదన్న నమ్మకం మీదే ఆ వృత్తి నిలబడి ఉంది. అందుచేత చూసినది చూసినట్టు, కొలిచినది కొలిచినట్టు మాత్రమే చెబుతాను.

ఎనభైల తొలి సంవత్సరాలు. గాజువాక అవతల ఉక్కు కర్మాగారం కోసం నేల చదును చేస్తున్న రోజులు. ఒక కాంట్రాక్టరు దగ్గర యంత్రాల తనిఖీ నా బాధ్యత. మా దగ్గర ఒక బ్యాక్‌హో లోడర్ ఉండేది. దానికి ముందువైపు మట్టి ఎత్తే తొట్టి, వెనకవైపు గోతులు తవ్వే పొడవాటి ఇనుప చెయ్యి ఉంటాయి. దాన్ని నడిపేవాడు దానియేలు. అయిదుగురున్న ఇంట్లో సంపాదన అతనొక్కడిదే.

ఆ బండిలో మూడు నెలల వ్యవధిలో రెండు క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. గుట్ట ఎక్కేటప్పుడు ఇంజను అరిచేది, చక్రాలు కదిలేవి కావు. విప్పి చూశాను. నూనె కారిన జాడ లేదు. స్ప్రింగులు బిగువుగానే ఉన్నాయి. పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ ముఖం మాత్రం వేడికి నీలంగా కమిలిపోయింది. ఈ గుర్తులు కలిసి సాధారణంగా ఒకే తప్పును చూపిస్తాయి: ఆపరేటర్ ఎడమకాలిని పెడల్ మీద ఊరికే ఆనించి ఉంచడం. ఆ బరువుకు పెడల్ అంగుళం మేర దిగుతుంది. క్లచ్ పూర్తిగా పట్టుకోదు; జారి జారి కాలిపోతుంది.

ఫోర్‌మన్‌కు ఇంతకన్నా రుజువు అక్కరలేకపోయింది. "ఏటి దానియేలూ, అది పెడలనుకున్నావా, కాలు సాపుకునే పీటనుకున్నావా?" అని అందరి ముందు అడిగాడు.

"నాను కాలెట్టనేదండి," అన్నాడు దానియేలు.

మూడో ప్లేటు వేయించి, ఈసారి కారణం రాతపూర్వకంగా ఇమ్మని మేనేజరు నాకు చెప్పారు. తప్పు ఆపరేటర్‌దైతే అతణ్ణి తీసేస్తారు. నిజం చెప్పాలంటే, నా మనసులో తీర్పు అప్పటికే సిద్ధంగా ఉంది.

ప్లేటు బిగించేటప్పుడు పక్కనే ఉన్నాను. క్లచ్ మీద పని చేయకముందు పెడల్‌కు ఉండవలసిన ఖాళీ కదలికను స్టీలు స్కేలుతో కొలిచి సరిచేయించాను. మరునాడు ఉదయం పది గంటలకు, మంచి ఎండలో, దానియేలు చేత గొయ్యి తవ్వించి, నేను బండి మెట్టు మీద నిలబడ్డాను. తవ్వేటప్పుడు ఆపరేటర్ సీటును వెనక్కి తిప్పుకుని కూర్చుంటాడు. క్లచ్ అతని వీపు వెనక ఉండిపోతుంది. ఎంత కావాలనుకున్నా కాలు అక్కడికి చేరదు.

రెండు నిమిషాల తరువాత పెడల్ అంగుళం దిగి, అలాగే నిలిచిపోయింది.

ఇంజను అదురుకు దిగిందనుకున్నాను. దానియేలును దింపి, ఇంజనును అదే వేగంలో ఉంచాను. పెడల్ పైకి వచ్చింది, మళ్ళీ దిగలేదు. నేను కూర్చుని లీవర్లు కదిపాను; దిగలేదు. ఫోర్‌మన్‌ను కూర్చోబెట్టాను, దిగలేదు. దానియేలు తిరిగి ఎక్కాడు. దిగింది.

పెడల్ కింద వేళ్ళు పెట్టి ఎత్తాను. పెడల్‌ను క్లచ్‌కు కలిపే కడ్డీ ఇరుక్కుంటే కదలిక మొండిగా ఉంటుంది. ఇది అలా లేదు. బరువుగా ఉంది, ఆ బరువు కాస్త మెత్తగా ఉంది. ఈ వర్ణన శాస్త్రీయం కాదని నాకు తెలుసు. కనుక స్ప్రింగ్ త్రాసు తెప్పించి, కొక్కెం తగిలించి పైకి లాగాను. ముల్లు మూడు కిలోలు దాటాకే పెడల్ లేచింది. దానియేలు దిగాక చూస్తే, పెడల్ దానంతట అదే పైకి వచ్చి ఉంది.

అతణ్ణి మళ్ళీ కూర్చోబెట్టి, పెడల్ మీద ఏదో బరువు ఉందని చెప్పాను. అతను వెనక్కి తిరిగి చూడలేదు. లీవర్లు వదిలేసి, అప్పలసూరి సంగతి చెప్పాడు.

అప్పలసూరి ఆ బండి పాత ఆపరేటర్, పెందుర్తి వైపు రైతుబిడ్డ. దానియేలుకు ఏ చుట్టరికమూ లేదు. మతాలు కూడా వేరు. అయినా ఒకరినొకరు బావా అనుకునేవారు. ఆ రోజుల్లో ఈ పని నేర్పే బడులు లేవు. నేర్చుకునేవాడు వెనక్కి తిరిగి తవ్వుతూ ఉంటే, నేర్పేవాడు పక్కన నిలబడి క్లచ్ మీద తన కాలు ఆనించి ఉంచేవాడు. బండి పొరపాటున గేరులో ఉండిపోయినా ముందుకు దూకకుండా అది జాగ్రత్త. అప్పలసూరి దానియేలుకు అలాగే నేర్పుతూ, నేర్పడం పూర్తికాకముందే పచ్చకామెర్లతో పోయాడు.

దానియేలు గొయ్యి వైపే చూస్తూ, పక్కనున్న మనిషితో అన్నంత మామూలుగా అన్నాడు:

"నాకు పని వచ్చీసింది బావా. ఇంక కాలు తియ్యి."

పెడల్ లేచింది. వదిలిన స్ప్రింగు లాగితే వచ్చే టక్కుమనే చప్పుడు లేదు. నిదానంగా, జాగ్రత్తగా లేచింది. అప్పుడు దాని మీద నా చెయ్యి లేదు. ఇంజను అదే వేగంలో తిరుగుతూనే ఉంది.

తరువాత పెడల్ నుంచి క్లచ్ దాకా ఉన్న కడ్డీలు, బుష్‌లు, అడ్డ ఇరుసు అన్నీ విప్పించి చూశాను. అరిగినవి గాని, వంగినవి గాని కనబడలేదు. ఆ మూడో ప్లేటు అక్కడి పని ముగిసేదాకా నడిచింది. దాన్ని నడిపింది దానియేలే. సీటు మీది మనిషి బరువుకు చట్రం వంగి కడ్డీని లాగిందేమోనని చాలాకాలం ఆలోచించాను. ఫోర్‌మన్ అతనికన్నా బరువైన మనిషి. ఆ వివరణ అక్కడే ఆగిపోతుంది. మరో వివరణ నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఆ సాయంత్రం రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. లోపం అన్న చోట, క్లచ్ జారుట అని రాశాను. ఆపరేటర్ తప్పు అన్న చోట, లేదు అని రాశాను. కారణం అన్న గడిని నా ఉద్యోగంలో మొదటిసారి ఖాళీగా వదిలేశాను. చేపట్టిన చర్య అన్న చోట చాలాసేపు ఆలోచించి, అబద్ధం కాని మాట ఒక్కటే దొరికితే, అదే రాసి సంతకం చేశాను: ఆపరేటరే సరిచేశాడు.