హౌ

మునిగుడలో మాది కిరాణా కొట్టు. చింతపండు అమ్మడానికి కొండల మీంచి దిగే ఆడవాళ్లు ఒడియాలో ఏదో చెప్పుకుపోతుంటే, కాటా మీంచి కళ్లు తీయకుండా "హౌ, హౌ" అంటాను. సరేలే అని దానర్థం. మాట సగంలో ఉండగానే అనేస్తే ఎదుటి మనిషి ఆపేస్తుంది. నాకు నాలుగు భాషలు వచ్చు. ఒక్కదానిలోనూ మాట చివరిదాకా విన్న పాపాన పోలేదు.

పోయిన ఎండాకాలం మా ఆవిడ కొట్లోకి వచ్చింది. "పార్వతీపురంలో మా అక్కకి అస్సలు బాగోనేదంట. ఆదివారం ఓపాలి ఎల్లి సూసొద్దామండీ" అంది. తూకం వేస్తూ "హౌ" అన్నాను.

ఆదివారం పొద్దున్నే ఆమె మంచి చీర కట్టుకుని, సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఎక్కడికి?" అని అడిగాను. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. లోపలికి వెళ్లి, సంచి కింద పెట్టి, పొయ్యి వెలిగించింది. రెండోసారి అడగాలని కూడా నాకు తోచలేదు. కొట్టు తెరవడానికి వెళ్లిపోయాను, దరిద్రుణ్ణి.

బుధవారం ఫోనొచ్చింది, అక్క పోయిందని. నేను దేనికి హౌ అన్నానో అప్పుడు గుర్తొచ్చింది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం కొట్టు మూసేసి, ఫోను అక్కడే వదిలేసి, ఇంటికొచ్చి ఆమె ఎదురుగా కూర్చుంటున్నాను. నిన్న కూడా బతిమాలాను. "ఏటైనా సెప్పు. ఎంతసేపైనా ఇంటాను."

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట మీంచి కళ్లు తీయలేదు.

"హౌ" అంది.