కైలాసం బావ గుండు టైర్లు

మా కైలాసం బావ టైర్లను చూసుకున్నంత శ్రద్ధగా మనుషుల్ని చూసుకుని ఉంటే మా అక్క ఎప్పుడో సుఖపడేది. ఈ మాట నేను ఆయన ముఖం మీదే చాలాసార్లు అన్నాను. ఆయన నవ్వి ఊరుకునేవాడు, మళ్లీ టైరు దగ్గరికే పోయేవాడు.

సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పుట్టిన మనిషి. ఆ చప్పుడు పడక ఇల్లొదిలి మందమర్రి చేరాడు. చేరి ఏం చేశాడయ్యా అంటే, అంతకంటే పెద్ద చప్పుడు చేసే బొగ్గు లారీల మధ్య దుకాణం పెట్టాడు! టైర్లకు రీబటన్ వేసే దుకాణం. అరిగిన టైరును గీకి, పైన కొత్త రబ్బరు చుట్టి, అచ్చులో పెట్టి ఉడికించడమే పని. నేను అక్కడే పంక్చర్లు వేసేవాణ్ని. రోడ్డు మీద ఎవడైనా కీచుమని బ్రేకు కొడితే చాలు, బావ చేతిలో పని వదిలి బయటికి ఉరికేవాడు.

"అరే, గా రబ్బరు ఉత్తగ వచ్చిందార నీకు? గట్ల రాకుతవేంది?" అని తిట్టి పంపేవాడు.

ఆయనకు పాత ఫియట్ ఒకటి ఉండేది. పెళ్లిళ్లకీ ఆస్పత్రులకీ టాక్సీగా తిప్పేవాడు. ఎక్కిన ప్రతివాడూ మెల్లగా పొమ్మనేవాడే. ఒక్కసారైనా ఆక్సిలరేటరు మీద కాలు పూర్తిగా దించి, అచ్చమైన రేసు ట్రాకు మీద నడపాలని బావకు పిచ్చి కోరిక. వయసు నలభై దాటింది. టాక్సీవాణ్ని ట్రాకు మీదికి ఎవడు రానిస్తాడు?

1986 చలికాలంలో ఆ కోరికకు ఒక దారి తెరుచుకుంది. గని ఆఫీసర్ల క్లబ్బువాళ్లు కార్ల పందెం పెట్టారు. పాత బొగ్గు యార్డు సిమెంటు నేల మీద డ్రమ్ములు నిలబెడతారు. ఒక్కో కారు ఒంటరిగా వాటి మధ్య వంకరటింకరగా తిరిగి రావాలి. ఒక్కొక్కరికి రెండు అవకాశాలు, డ్రమ్ము తగిలితే ఆ తిరుగుడు లెక్కలోకి రాదు. అందరికంటే వేగంగా తిరిగినవాణ్ని మద్రాసు దగ్గరి ట్రాకుకు పంపుతారు. ఊళ్లో ఎవరైనా పాల్గొనవచ్చు. బావ ఆ రోజు అన్నం కూడా తినలేదు.

క్లబ్బులో సుదర్శన్‌రావు సారని ఒక ఇంజనీరు. హుజూరాబాద్ దగ్గరి భూస్వాముల బిడ్డ, కొత్త మారుతి కారు ఆయనది. అహంకారం లేని మనిషి. బావ పోటీలో ఉన్నాడని తెలిసి తానే పిలిచి, మద్రాసు నుంచి తెప్పించుకున్న టైర్లు చూపించాడు. వాటి మీద ఒక్క గీత లేదు, ఒక్క బటన్ లేదు. నున్నగా గుండులా ఉన్నాయి.

"పొడి నేల మీద ఎంత ఎక్కువ రబ్బరు ఆనితే అంత పట్టు, కైలాసం. ఇగ ఆ రబ్బరు గట్టిదా, మెత్తదా అన్నదే అసలు సంగతి," అన్నాడు సారు.

ఆ మాట పట్టుకుని బావ మూడు జతల గుండు టైర్లు ఉడికించాడు. ఒకటి లారీలకు వేసే గట్టి రబ్బరు. రెండోది జీపులకు వేసేది. మూడోది చూసి నాకు మతిపోయింది. పాత టైరుకూ కొత్త రబ్బరుకూ మధ్య అతుక్కోవడానికి పలచగా వేసే జిగురు రబ్బరు ఉంటుంది కదా, దాన్నే మందంగా పైన చుట్టాడు!

తెల్లవారుతూనే యార్డుకు పోయి పరీక్షించాం. లారీ రబ్బరు మంచుగడ్డ మీద పోయినట్టు జారింది. జీపు రబ్బరు బాగానే ఉంది గానీ, వేడెక్కి పట్టు ఇచ్చేసరికి మూడు చుట్లు పడుతోంది. పందెంలో ఒక్కో అవకాశానికి ఉన్నది ఒక్క చుట్టే. జిగురు రబ్బరు మాత్రం మొదటి మలుపులోనే నేలను కరిచిపట్టింది. నేను పక్క సీట్లోంచి బావ మీద పడ్డాను. నవ్వాపుకోలేకపోయాను.

బావ మాత్రం దిగి టైరును గోటితో గిల్లి చూసి, ముఖం వేలాడేశాడు.

"పొద్దుగూకక ముందే అరిగిపోతది, అంబదాసూ. అరిగే టైరును నా చేతులతోని చేసుడా? లారీవాళ్లు చూస్తే దుకాణం మొకం చూస్తరా?"

"బావా, నీకు మద్రాసు కావాల్నా, టైరు కావాల్నా?" అన్నాను కోపంగా.

బావ టైరును మరోసారి నిమిరాడు. చివరికి ఆ మెత్తవాటినే బిగించమన్నాడు.

పందెం రోజు కాలనీ కాలనీయే యార్డులో ఉంది. మొదటి తిరుగుడులో బావ గాలిలా పోయాడు. అరిచి అరిచి నా గొంతు అప్పుడే పోయింది. కానీ చివరి మలుపులో ఫియట్ వెనక భాగం డ్రమ్మును రాసుకుంది. అది దొర్లింది, ఆ తిరుగుడు పోయింది. సుదర్శన్‌రావు సారు తప్పు లేకుండా తిరిగి అందరికంటే ముందున్నాడు. బావకు ఇక మిగిలింది ఒక్క అవకాశం.

ఆ విరామంలో మేం ఇంజను చూసుకుంటుంటే, వెనక జరిగింది మాకు తెలియదు. బావ తల్లి సత్తమ్మత్త, కొడుక్కి దిష్టి తగిలిందని తేల్చేసింది. బకెట్లో పేడనీళ్లు కలిపి తెచ్చింది. బయలుదేరే గీత దగ్గర వాకిట్లో చల్లినట్టు శుభ్రంగా సాంపి చల్లి, పైన పద్మం ముగ్గు కూడా వేసింది! కాపలావాడు ఇదేదో క్లబ్బువాళ్ల ఏర్పాటే అనుకుని చేతులు కట్టుకుని చూశాడట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం పని చేసినవ్ అత్తా! బోడి టైరు తడి మీద నిలవడ్తదా?"

"మంచి పనికి ముంగట సాంపి చల్లకుంట ఎట్ల బిడ్డా? పొద్దుగాల చల్లకనే గా డబ్బ తాకింది," అంది సత్తమ్మత్త. ముఖంలో ఎంత నమ్మకమో!

బావ వంగి ఆ తడి నేలను వేలితో రాసి చూశాడు. టైర్లు మార్చడానికి సమయం లేదు, అప్పటికే ఆయన పేరు పిలిచారు. కారును గీత మీదికి తెచ్చి ఆపి, కిటికీలోంచి నన్ను పిలిచాడు.

"ముంగటి చక్రాలకు రాళ్లు పెట్టు. జల్ది."

ఎందుకో అర్థం కాకుండానే పెట్టాను. బావ కాలు పూర్తిగా దించాడు. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. పేడ లేచి నా మొహాన పడింది, సుదర్శన్‌రావు సారు తెల్ల చొక్కా మీద పడింది. జనం కేకలు. నీళ్లు ఎగిరిపోయాయి, కిందున్న సిమెంటు తేలింది. టైరుకంటిన తడి ఆరి, రబ్బరు వేడెక్కి పట్టు వచ్చేదాకా ఆపలేదు. రబ్బరు కాలి నల్లటి పొగ లేచింది. చిన్న బ్రేకుకే లారీవాళ్లను తిట్టే మనిషి, ఉన్నచోట నిలబడి సొంత టైర్లను తగలబెడుతున్నాడు!

"కొడుకా, బండి అంటుకున్నదిరా!" అని సత్తమ్మత్త రొమ్ము బాదుకుంది.

బావ చెయ్యి ఊపాడు. రాళ్లు లాగేశాను. జెండా దిగింది.

అలా పోయిన కారును నేను మళ్లీ చూడలేదు. ప్రతి డ్రమ్ము దగ్గరా తాకిందనే అనుకున్నాను, ఏదీ తాకలేదు. ఆ చివరి మలుపులో కళ్లు మూసుకున్నాను. జనం అరుపు వినే తెరిచాను. సుదర్శన్‌రావు సారు గడియారం చూసి, పేడ మరకల చొక్కాతోనే పరుగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు.

"మీ బావ నన్ను అర సెకను తేడాతోని కొట్టిండు! మద్రాసు ఆయనదే!"

నేను ఎగిరాను, ఎవరెవరినో ఎత్తుకున్నాను. కారు దగ్గరికి ఉరికి చూస్తే వెనక టైర్ల మీద రబ్బరే లేదు, లోపలి దారాలు తెల్లగా బయటికొచ్చాయి. బావ ఇంకా దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద అలాగే ఉన్నాయి. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"దిగు బావా, అందరు పిలుస్తున్రు!"

"జర ఆగురా అంబదాసూ," అన్నాడు తల తిప్పకుండా. "గెలిచినోనికి ఎట్లుంటదో జరసేపు చూడనియ్యి."

నేను తలుపు మూసి, జనాన్ని దగ్గరికి రానివ్వకుండా అక్కడే నిలబడ్డాను.