ఏ ఇంటి బిడ్డ

వీరవేణిని ఒకచోట కూర్చోబెట్టడం బ్రహ్మతరం కాదు. బస్సులో సీటున్నా తలుపు దగ్గరే నిలబడుతుంది. అన్నం తింటూ మధ్యలో లేచి వీధిలోకి తొంగిచూసి వస్తుంది. అలాంటి మనిషికి తగ్గ ఉద్యోగమే దొరికింది లెండి. మెడికల్ కాలేజీలో ఎపిడెమియాలజీ విభాగమని ఒకటుంది. ఏ జబ్బు ఎవరికొచ్చింది, ఎందుకొచ్చింది, ఎందరు పోయారని ఊళ్ల మీద పడి లెక్క తీయడం వాళ్ల పని. అందులో ఈవిడ ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపుతుంది. గోదావరి లంకల్లో ఆవిణ్ణి 'కాయితాలమ్మగారు' అంటారు. ఏ కాలేజీ అని మాత్రం అడక్కండి, చెప్పను.

1997 వేసవికి ఆ సర్వేకి మూడేళ్లు నిండాయి. పదహారు ఊళ్లు, నాలుగు వేల పైచిలుకు గడపలు. నెలతప్పిన వాళ్లకి మాత్రలిచ్చి, మంత్రసానులకి నాలుగు మంచి మాటలు నేర్పితే పసిబిడ్డల చావులు తగ్గుతాయా అని చూడటం. తగ్గాయి! వీరవేణి చూసే ఊళ్లలో అయితే మరీ తగ్గాయి. విభాగం పెద్ద డాక్టర్ శివరామకృష్ణగారు ఆ అంకె విని, చెప్పులు బయట విడవాల్సిన కంప్యూటర్ గదిలోకి చెప్పులతోనే పరిగెత్తారు. శుక్రవారం రిపోర్టు ఢిల్లీ వెళ్లాలి. వెళితే ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు నడుస్తుంది. వెళ్లకపోతే వీరవేణి ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే. మొగుడు పోయాక ఇంటరు చదివే కొడుకుతో ఆ ఉద్యోగం మీదే నెట్టుకొస్తోంది.

సోమవారం, మిగిలిన ఐదారిళ్లు చుట్టి రమ్మంటే రావులపాలెంలో బస్సు దిగి, అరటిగెలల బళ్లు తప్పించుకుంటూ రేవుకి నడిచి, పడవలో గోదావరి దాటి లంకలో మాణిక్యాంబ ఇంటికి వెళ్లింది. వేలసార్లు అడిగిన పద్నాలుగో ప్రశ్న మళ్లీ అడిగింది.

"ఈ ఏడాదిలో మీ ఇంట్లో ఏడాది నిండని బిడ్డలెవరైనా పోయారాండీ?"

"మా ఇంట్లోనా? అబ్బే, ఎవరూ పోలేదండి. పొద్దున్నే అవేం మాటలండి బాబూ!" అంది మాణిక్యాంబ.

'లేదు' దగ్గర టిక్కు పెట్టబోతుంటే మల్లెల వాసన వేసింది, వాడిన మల్లెల వాసన. గుమ్మం పక్కన మాణిక్యాంబ కోడలు రాణి కూర్చుని ఉంది. పందొమ్మిదేళ్లుంటాయేమో. తలలో ఒక్క పువ్వు లేదు. ఎద చుట్టూ బిగించి కట్టిన గుడ్డలోంచి నలిగిన మల్లె ఒకటి ఒళ్లో రాలింది. పాలు ఇంకిపోవడానికి మల్లెలు కడతారని ఆ గట్ల మీద ఏ ఆడదానికి తెలియదు?

"బిడ్డేదమ్మా?"

అత్తే అందుకుంది. "పుట్టింట్లో పోయిందండి, తొమ్మిదో రోజున. బారసాల కూడా అవలేదు. బిడ్డే లేనప్పుడు ఇంకా అక్కడెందుకని తెచ్చేసుకున్నాం. మీరడిగింది మా ఇంటి సంగతే కదండి?"

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. వీరవేణి ఫారం మడిచి సంచిలో పెట్టింది. రాణి పుట్టిల్లు కూడా ఆవిడ ఊళ్లలోదే. ఎండలో మూడు మైళ్లు గట్టెంట నడిచి అక్కడికి వెళ్లి, రాణి తల్లి దేవకుమారిని నిలదీసింది.

"పోయిన వారం నేనొస్తే ఎవరూ పోలేదన్నారేంటండీ?"

"ఆ బిడ్డ మా ఇంటి బిడ్డెలా అవుద్దండి? ఆళ్ల ఇంటిపేరు కదా! అందుకే లేదన్నాను."

ఇదీ సంగతి. తొలి కాన్పు పుట్టింట్లోనే అన్నది మన ఆచారం. ఎక్కువ పోయేదీ ఆ తొలిచూలు బిడ్డలే. అత్తింటివాళ్లు మా ఇంట్లో పోలేదంటారు, పుట్టింటివాళ్లు మా బిడ్డ కాదంటారు. ఇన్నాళ్లూ రెండుచోట్లా 'లేదు' అని టిక్కు పెడుతూ వచ్చింది ఈ మహాతల్లే. ఫారం రాసిన ఢిల్లీవాళ్లకి తెలియదు సరే, పుట్టింట్లో పురుడు పోసుకున్న తనకేమైంది, బుద్ధి గడ్డి తిందా?

మంగళ, బుధవారాలు కాలుకాలిన పిల్లిలా తిరిగింది. తొలి కాన్పులు జరిగిన ఇళ్లు ముప్ఫై ఏరుకుని మళ్లీ వెళ్లి, ఈసారి ఇంటి పెద్దల్ని వదిలేసి తల్లుల్నే పక్కకి పిలిచి అడిగింది. నలుగురు బిడ్డలు తేలారు. నలుగురూ ఏ ఫారంలోనూ లేరు. చెబితే కంచంలో కూడు పోతుంది. చెప్పకపోతే ఆ అంకె చూసి పైవాళ్లు, ఇక్కడంతా బాగానే ఉందని చేతులు దులుపుకుంటారు. తిట్టుకుంటూనే గురువారం డాక్టరుగారి గదికి వెళ్లింది.

"రేపు పంపాలండీ! ఇప్పుడా చెప్పేది?" శివరామకృష్ణగారు లేచి నిలబడ్డారు. "ఎంత సర్వేకైనా ఒకటి రెండు తప్పులుంటాయి."

"ఒకటి రెండు కాదండి. ముప్ఫై ఇళ్లకి నలుగురు."

"ప్రాజెక్టు పోతే మీ ఉద్యోగమూ పోతుంది, తెలుసా?"

"తెలుసండి. అందుకే రెండ్రోజులు నోరు మూసుకున్నాను."

ఆయన మళ్లీ కూర్చుని కలం మూత తీశారు. "ఎలా అడగాలంటారయితే?"

"ఇంటిని కాదండి, తల్లిని అడగాలి. నీ కడుపున ఎందరు పుట్టారు, ఎందరున్నారు అని."

"అలా అడిగితే మాత్రం నిజం చెబుతారని ఏంటి నమ్మకం?"

"నన్నడగండి."

"మీకు ఒక్కడే కదండీ?"

"అలాక్కాదు. ప్రశ్న అడగండి."

డాక్టరుగారు ఖాళీ కాగితం ముందుకి లాక్కుని, మొహమాటంగానే అడిగారు. "మీ కడుపున ఎందరు పుట్టారండీ?"

కొడుకు పుట్టాక ఎవరడిగినా 'ఒక్కడే' అంది. అత్తారి వీధిలో అదే చెప్పింది, ఈ ఉద్యోగానికి ఇచ్చిన దరఖాస్తులోనూ అదే రాసింది. పందొమ్మిదేళ్ల కిందట తొలి కాన్పుకెళ్లి కడియంలో, నాన్న పనిచేసే నర్సరీలో గులాబీ మళ్ల వెనక పదకొండు రోజుల బిడ్డని పూడ్చి వచ్చాక, ఆ బిడ్డ మాట ఏ ఇంట్లోనూ ఎవరూ ఎత్తలేదు. ఉంటే ఈపాటికి రాణి ఈడుది.

"ఇద్దరండి" అంది వీరవేణి. "ఒకడున్నాడు."

డాక్టరుగారు కాగితం మీద గీతలు గీసి, పుట్టినవారు రెండు, పోయినవారు ఒకటి అని రాశారు. తర్వాత కలం ఆపారు.

"పోయిన బిడ్డ పేరు?"

"పెట్టలేదండి. ఆడపిల్ల."

ఆయన ఫోను దగ్గరికి లాక్కుని, రేపు రిపోర్టు రాదని ఢిల్లీకి చెప్పడానికి నంబరు తిప్పసాగారు. వీరవేణి ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.