మెలేసిన బెల్టు

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. జి.మాడుగులలో మా అత్తగారింట ఆ రాత్రి చూసింది చూసినట్టే చెబుతాను. తాగలేదు. జ్వరం లేదు. కడుపులో ఉన్నదల్లా మంట... అది మా తోడల్లుడు సూరిబాబు మీద.

ఇద్దరిదీ వడ్రంగమే. నాది అరకులో, వాడిది పాచిపెంటలో. పాత చెక్కపని యంత్రాలు ఎక్కడ తుప్పు పట్టి పడున్నా తెచ్చి, బాగుచేసి నడిపిస్తాం. మా మావయ్యకు ఒక పాత లేత్ మెషిన్ ఉండేది. అది చెక్కను గిర్రున తిప్పుతుంటే, ఆయన ఉలి ఆనించి మంచం కోళ్లు చెక్కేవారట. మేం అల్లుళ్లం అయ్యేసరికే ఆయన లేరు. ఆ పని మేం చూడలేదు. యంత్రం షెడ్డులో మూలపడింది.

"ఆయనున్నప్పటిలాగ ఎవులు నడిపితే ఆళ్లే పట్టుకుపొండి బాబూ" అంది అత్తయ్య.

ఒక్క భాగమే లేదు. ఉలిని ఆనించుకునే ఇనుప రెస్టు. మావయ్య పోయాక ఎవరో పాతసామాన్లకు వేసేశారట. సూరిబాబు కొత్తది వెల్డింగ్ చేయించి తళతళలాడిస్తూ తెచ్చాడు. నేను మాత్రం సాలూరులో పాత ఇనుము కొట్లన్నీ గాలించి అసలుదే పట్టాను. యంత్రం మీద పోతపోసిన అక్షరాలే దాని మీదా ఉన్నాయి. దారంతా ఒకటే ఆలోచన... సూరిబాబు మొహం ఎలా మాడిపోతుందా అని.

మాడింది నా మొహమే. సాయంత్రం మోటారుకు బెల్టు వేసి బిగిస్తే రెస్టు సరిగ్గా కూర్చోలేదు. ఒక పక్కకు వంగి ఉంది. చెక్కకు రాసుకుంటోంది. ఉలి ఆనిస్తే గెంతేస్తోంది.

"ఏటన్నియ్యా, అసలు సరుకు అలిగినాదేటి?" అన్నాడు సూరిబాబు.

అత్తయ్య వంటింట్లో ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే పరువు పోయేది. ఆ రెస్టుతోనే వాడి నెత్తి మీద ఒక్కటి ఇవ్వాలనిపించింది.

భోజనాలయ్యాయి. కరెంటు పోయింది. పొగమంచు వరండా దాకా వచ్చేసింది. నేను షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, తలుపుకు అడ్డంగా పడుకున్నాను. వాడు రాత్రికి రాత్రి లేచి తన రెస్టు బిగించేస్తాడేమోనని నా అనుమానం. వాడు నా పక్కనే ముసుగుతన్నాడు. నాకు నిద్రేది? కుళ్లు నిద్రపోనిస్తుందా?

అప్పుడు...

గిర్... ర్ర్... ర్ర్...

లోపల్నుంచి. సన్నగా మొదలైంది. మెల్లగా అందుకుంది. కరెంటు లేదండీ! ఊరు ఊరంతా చీకటి. మరి మోటారు ఎలా తిరుగుతుంది? ఊపిరి బిగబట్టి విన్నాను. తర్వాత... ఉలి చెక్కను పట్టిన చప్పుడు. స్స్స్స్... స్స్స్స్... తడబాటు లేదు. ఎక్కడా ఆగడం లేదు. వడ్రంగి చెవికి తెలుస్తుంది, అది బాగా పని తెలిసిన చెయ్యి. సాయంత్రమంతా నేను తంటాలు పడినా రాని చప్పుడు అది. ఒట్టు, భయం కన్నా ముందు నాకు అసూయే పుట్టింది. నేను తెచ్చిన రెస్టు మీద ఎవడ్రా ఇంత బాగా చెక్కేది?

సూరిబాబే అనుకుని పక్కకు చెయ్యి చాపాను. ఉన్నాడు. దుప్పటి కింద... వణికిపోతున్నాడు.

తాళం తీశాను. చప్పుడు టక్కున ఆగింది.

ఫోన్ లైటు వేశాను. ఎవరూ లేరు. కొత్తగా చెక్కిన చెక్క వాసన. లైటు మెల్లగా కిందికి దించాను... రెస్టు... నేను బిగించిన వైపు లేదు. యంత్రానికి అటువైపు ఉంది. కుదురుగా కూర్చుంది. మోటారు బెల్టు నేను తిన్నగా వేశాను... అది మధ్యలో మెలి తిరిగి ఉంది. కింద సన్నటి చెక్క చుట్టలు. చెయ్యి వద్దు వద్దంటున్నా రెస్టు మీద వేశాను.

వెచ్చగా ఉంది.

బయటికి ఎలా వచ్చి పడ్డానో తెలియదు. తలుపు కూడా వెయ్యలేదు.

పొద్దున్న అత్తయ్య షెడ్డులోకి తొంగిచూసి అలాగే నిలబడిపోయింది.

"బెల్టు మెలేసింది ఎవులు బాబూ?"

నేను సూరిబాబు వైపు చూశాను.

"మీ మావ ఎడంసేతోరు. బెల్టు మెలేసి, ఎనక్కి తిప్పుకుని, అటేపు నిలబడి సేసీవోరు. మీకెలా తెలిసినాది?"

మాకెలా తెలుస్తుంది? నేను అందరిలాగే ఇటు నిలబడే అవస్థ పడ్డాను. రెస్టుకున్న ఆ వంపు అటువైపు కోసమని అప్పుడు అర్థమైంది. రాత్రి జరిగింది నేను చెప్పబోతుంటే సూరిబాబు అందుకున్నాడు.

"రేత్తిరి లోపట్నించి ఎవులో పిలిసినారత్తా. 'సిన్నల్లుడా, ఇటేపు రా' అని. రెండుసార్లు. నాను బయపడి ఎల్లనేదు."

అత్తయ్య కళ్లు తుడుచుకుంది.

"ఆరే నిన్ను పిలిసినాక మరి నానేటనగల్ను? నువ్వే పట్టుకుపో బాబూ."

నేను వెతికి తెచ్చిన రెస్టుతో సహా వ్యాన్ ఎక్కించుకుపోయాడు. ఇప్పుడు బెల్టు మెలేసి, అటు నిలబడి, బ్రహ్మాండంగా చెక్కుతున్నాడట.

ఆ రాత్రి షెడ్డులో ఉన్నది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సూరిబాబు అబద్ధమాడాడని చాలాసార్లు అనుకున్నాను. అబద్ధమైతే బాగుండును. కానీ వాడి వణుకు అబద్ధం కాదు, చేత్తో పట్టి చూశాను కదా. పోనీ నిజంగానే పిలిచారనుకోండి... అంత దగ్గర్లో, తలుపుకు అడ్డంగా పడుకున్నవాణ్ని, పెద్దల్లుణ్ని... నన్నెందుకు పిలవలేదండీ?