నాలుగు మూలల పసుపు

విడాకులైనంక ఆడపిల్లలిద్దరూ నా దగ్గరనే ఉండాలని తీర్పొచ్చింది. కానీ రాష్ట్రం దాటించాలంటె మాత్రం తండ్రి రాసియ్యాలె. మా అక్క ఉండేది గోదారి అవతలి ఒడ్డున, సిరొంచల. కాళేశ్వరం కాడ పడవెక్కితె ఎంతసేపు? అక్కడ గూడ తెలుగు మాటనే, అయినా అది మహారాష్ట్ర. "రావే, ఒక కుట్టుమిషన్ నీకోసమే ఖాళీ పెట్టిన" అన్నది అక్క. బడిల కూడ మాట్లాడి పెట్టింది. సోమవారం లోపల తండ్రి సంతకం తెస్తేనే పిల్లలను చేర్చుకుంటమన్నరు.

కాయితం నేనే రాసిన. నేను బడికి పోలే. మా బాపు భజన పుస్తకాలు ముందల పెట్టి ఇంట్లనే అక్షరాలు దిద్దిచ్చిండు. అందుకే ఏది రాసినా పైన 'శ్రీరామ' అని పెట్టకుంటె నా చెయ్యి కదలదు. దీనిమీద గూడ పెట్టిన.

శనివారం పొద్దుగాల మేముండే చిట్యాలకొచ్చి సంతకం పెడతనన్న మనిషి రాలే. తెలంగాణ కోసం ఊరూరూ రోడ్డెక్కిన రోజులు, బస్సులు బంద్. తొవ్వల ఆయనను వెతికి సంతకం పెట్టిచ్చుకొని కాళేశ్వరం పోదమని పిల్లలను, రెండు సంచులను ఆటోల వేసుకొని పోతుంటె చెల్పూర్ కాడ ఆపిండ్రు. రోడ్డుకు అడ్డంగ వంటావార్పు! నడిరోడ్డు మీద పొయ్యిలు, జెండాలు, గుండిగెలు. అన్నిట్ల పెద్ద గుండిగె ముందల, నడుముకు తువ్వాల కట్టి, గరిటె పట్టుకొని పిల్లల నాయిన. నాతోటి సంసారంల చాయ్ గూడ కాచి ఎరుగడు.

విడిపోయినంక మేము ఎదురుంగ మాట్లాడుకుంటలేము. మాటలన్నీ పెద్దబిడ్డ నోటనే.

"బిడ్డా, మీ అమ్మకు చెప్పు. గింతమందికి వండేది ఇడిసిపెట్టి ఎట్ల రావాలె?"

"మీ నాయినకు చెప్పు. సంతకానికి గుండిగె దించే పని లేదు."

పెద్దది అటు చూసి, ఇటు చూసి, "మీరిద్దరు చెవిటోళ్లా ఏంది? నాకు గొంతు నొస్తుంది" అన్నది. అందరూ ఒకటే నవ్వు.

వంకాయలు కోస్తున్న ఒకాయన, "అక్కా, మేము ఇన్నేండ్ల సంది కొట్లాడుతున్నా మా రాష్ట్రం రాకపాయె. నువ్వు పడవెక్కి సక్కగ ఇంకో రాష్ట్రం పోతున్నవ్!" అన్నడు.

"మీది వచ్చిననాడు కబురు పెట్టుండ్రన్నా, అదే పడవెక్కి వస్త" అన్న.

పిల్లల నాయిన కాయితం చదువుమన్నడు. పెద్దది గట్టిగ చదివింది. "పిల్లలను తల్లి వెంట పంపుటకు నాకు సమ్మతమే" అన్న కాడికొచ్చేసరికి గరిటె ఆగింది. ఆయన కాదంటె మేము మళ్ల వెనుకకే. లోపల రాముణ్ణి తలుచుకుంటనే ఉన్న. చిన్నది పోయి ఆయన తువ్వాల కొస పట్టుకున్నది.

"నాయినా, గోదారిల పడవకు మోటరుంటదట. చూడనీకె రా."

"దసరకు వస్త బిడ్డా" అన్నడు. జరసేపటికి పెన్ను అడిగిండు.

పప్పుల పసుపు వేసిన చేత్తోనే సంతకం. కాయితం పైమూలకు బొటనవేలు అచ్చు పడ్డది. "అయ్యో, ఖరాబాయె" అని తువ్వాలతో తుడిస్తె ఇంకింత పూసింది. శుభమైన కాయితానికి నాలుగు మూలలా పసుపు పెడతం గదా, ఒక్క మూలకే ఉంటె నాకు మనసొప్పలే. పొయ్యి పక్కన పొట్లంల మిగిలిన పసుపు తీసి, కడమ మూడు మూలలకూ నేనే అద్దిన.

తినంది ఎవ్వర్నీ పోనియ్యలే. పిల్లలు పప్పన్నం తిన్నరు. నాకు విస్తరి వెయ్యబోతుంటె ఆయనే అన్నడు, "బిడ్డా, ఇయ్యాల శనివారం, మీ అమ్మకు ఒక్కపొద్దు. అరటిపండ్లు ఉన్నయి, ఇయ్యి." నా ఒక్కపొద్దులను అన్నేండ్లు ఎగతాళి చేసిన మనిషి! ఆ పండ్లు కండ్లకద్దుకొని తిన్న. మధ్యాహ్నం అడ్డం తీసి మా ఆటోను పంపిండ్రు.

సోమవారం సిరొంచ బడిల పెద్దసారు కాయితాన్ని అంచుతోటి పట్టుకొని చూసిండు.

"ఏందమ్మా, పెండ్లి పత్రికనా?"

"కాదు సార్, పిల్లల నాయిన సంతకం."

నవ్వి, రిజిస్టర్ తెరిచిండు. పేర్లు చెప్పుమన్నడు. నేను నోరు తెరిచే లోపలనే పెద్దది తన పేరు తానే చెప్పింది.