మధ్యాహ్నం నేసిన గుడ్డ

ఎమ్మిగనూరు బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గానికి పోపు పడిన వాసన వస్తే చాలు, నాకు గౌరమ్మక్క గుర్తుకొస్తుంది. ఆమె మాట మీద నేను మూడేళ్లు మెతుకు ముట్టలేదు. మునిలా బతికాను. షుగరు నన్ను చూసి జడిసి, ఆదోనిలో రైలెక్కి పారిపోయింది.

గౌరమ్మక్క మా వీధిలో నేతగాళ్లకు పడుగు నూలిచ్చి చీరలు నేయించేది. వాళ్లలో నేనొకణ్ణి. నేసి తెచ్చిన చీరను వెలుతురుకు ఎత్తి, వేలితో తడుముతూ చూసేది. ఒకరోజు అట్లా చూస్తూ ఆగింది.

"రామాంజీ, ఇదేందప్పా? జానెడు అద్దం మాదిరి ఉంది, తర్వాత జానెడు పోగులు తప్పినాయి, మళ్లా బాగుంది. నడుమ మగ్గంలో ఎవుర్ని కూసోబెట్టినావు?"

"నేనే నేసినానక్కా."

"అయితే ఇది మధ్యాహ్నం నేసింది. నీ కూడు గుడ్డలో కనపడ్తాంది."

నిజమే. తిన్నాక కళ్లు మూతలు పడేవి, పోగులు మసకగా కనిపించేవి. అరికాళ్లు మండేవి. ఆదోని డాక్టరు షుగరని చెప్పి, మాత్రలు రాసి, అన్నం తగ్గించమన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఊదితే ఎగిరిపోయే మనిషిని. అన్నం తగ్గించడం పొట్ట ఉన్నవాళ్ల పని కదా! అక్కతో అదే అన్నాను. ఆమె నవ్వలేదు.

"మా ఆయన నీకంటే సన్నం. షుగరుకే కాలు తీసేసినారు, మరిసినావా? ఇట్లే తప్పులు పడితే నీకు చీర పడుగు ఇయ్యను. తువ్వాళ్లు నేసుకో."

చీరలు నేసిన చేతికి తువ్వాళ్లు! ఆ పూట మొదటిసారి నాకు అన్నం సహించలేదు.

అక్క ముందు కూర, పప్పు, గుడ్డు తినమంది. చివర్న పిడికెడు అన్నమంది. నాకేమో అంతా తికమక. జొన్నరొట్టె మంచిదని నలుగురూ అంటారు కదా, అన్నం మాని పూటకు ఆరు రొట్టెలు తిన్నాను. నిద్ర మునుపటిలాగే ముంచుకొచ్చింది. పొద్దున ఏం తింటాండావని అక్క అడిగింది.

"ఉగ్గాని. బొరుగులే కదక్కా, ఉత్త గాలి."

"బొరుగులు యాడ్నుంచి వస్తాయిరా? ఉబ్బినంత మాత్రాన బియ్యం బియ్యం కాకుండా పోతాదా?"

ఇక్కడ ఒప్పేసుకుంటాను. మూడేళ్ల ఉపవాసం నా కల్పన. మూడు దినాలకే రొట్టెలు చాలించి అన్నానికే తిరిగొచ్చాను. అక్క కనబడని సందు చూసుకుని ఉగ్గాని కూడా తిన్నాను, బజ్జీతో సహా.

అయినా కొన్ని నెలలకు మధ్యాహ్నపు నేత చక్కబడింది. కాళ్ల మంట తగ్గింది. ఆదోనికి పోయి బరువు చూసుకుంటే ముల్లు పాత చోటే ఉంది. అంతా దండగని ముఖం వేలాడేశాను. డాక్టరు మాత్రం కాగితాలు చూసి, షుగరు దిగిందన్నాడు, రక్తంలో కొవ్వు కూడా తగ్గిందన్నాడు. ఒక మాత్ర ఆయనే తగ్గించి, మీ అంతట మీరు మాత్రం ఏదీ మానొద్దని హెచ్చరించాడు.

"బరువు తగ్గలేదు కదా సార్?"

"మీలో తగ్గాల్సింది బరువు కాదు."

అది మాత్రల మహిమో, మంత్రాలయం స్వామి దయో నాకు అంతుపట్టలేదు. దొంగతిండి తిన్నవాడికి గుణమెట్లా వచ్చింది? అక్క మాత్రం చీర పడుగు నా చేతిలోనే ఉంచింది.

ఆమె పోయి రెండేళ్లయింది. ఈ రోజుకీ మధ్యాహ్నం నేసిన జానెడు గుడ్డను వెలుతురుకు పట్టి చూసుకోనిదే నాకు తృప్తి ఉండదు. అక్క మాటే నన్ను మార్చిందని ఇదంతా రాసి, మా ఆవిడ సరోజకు చదివి వినిపించాను.

"నువ్వు మారినావా? నీకు సెప్పి సెప్పి యాసారిపోయి, అక్క నా దగ్గరికొచ్చింది. సోలెడు బియ్యం పోసేదాన్ని అరసోల చేసినా. లోటు తెలీకుండా కంచం నిండా గోరుచిక్కుడు కూర పెట్టినా. నీ ఆకలి సగం తీరినాకనే అన్నం తెచ్చినా. నువ్వు చేసింది నమలడమొకటే."